జత మాస్టారు

మా మాస్టారికి ఒంటరిగా ఉన్న దేన్నీ నమ్మే అలవాటు లేదు. మీరొక మాత్ర వేసుకుని తలనొప్పి తగ్గిందన్నారనుకోండి, "మాత్ర వేసుకోని తల ఏదీ?" అని అడుగుతారు. నాకున్నది ఒక్కటే తలండీ అని మీరు మొరపెట్టుకోవాలి. "అయితే మాత్రే తగ్గించిందో, దానంతటదే పోయిందో మనకు తెలియదు" అనేసి ఆయన తన దారిన తాను వెళ్ళిపోతారు. ఇది తప్ప ఆయనలో వేరే లోపం లేదు. వేరే లోపానికి చోటు కూడా లేదు.

ప్రతిదానికీ జత కావాలి. ఒకదానికి ఏదైనా చేస్తే, అచ్చంగా అలాంటిదే, ఏమీ చేయనిది, పక్కన ఇంకొకటి ఉండాలి. రెండింటికీ తేడా కనిపిస్తేనే నమ్మకం. అందుకే మా సంస్థలో గేటు కాపలాదారు దగ్గర్నుంచి డైరెక్టరు గారి దాకా అందరూ ఆయన్ని జత మాస్టారనే అనేవాళ్ళు. ఇప్పుడు అనడానికి ఆయన లేరు. రిటైరై వెళ్ళిపోయారు. ల్యాబు మూసేశారు. ఆ గదిలో విరిగిన కుర్చీలు, పనికిరాని బీరువాలు పెట్టుకున్నారు. ఆ తలుపు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నేను మెట్లు దిగి చుట్టూ తిరిగి వెళ్తాను.

ఉద్యోగం వల్ల ఆయనకు ఆ పిచ్చి పట్టిందో, ఆ పిచ్చి చూసే ఉద్యోగం ఇచ్చారో చెప్పలేం. చెప్పాలంటే ఉద్యోగం లేని మాస్టారు ఇంకొకరు కావాలి.

మా పని ఇదీ. ఫోన్లకూ రాడార్లకూ మిల్లీమీటరు తరంగాలని కొన్ని వాడుతున్నారు. అవి ఒంట్లోని కణాలను ఏమైనా చేస్తాయా అన్నది ప్రశ్న. ప్లాస్టిక్ ప్లేట్లో గులాబీరంగు ద్రవం పోసి, అడుగున కణాలు పెంచి, దాన్ని చిల్లులున్న పెట్టెలో ఉంచి, కింద ఒక లోహపు బూర పెట్టి దాంట్లోంచి తరంగాలు పంపిస్తాం. తర్వాత కణాలు ఎలా ఉన్నాయో చూస్తాం. ఆ ప్లేటుకు పక్కనే ఇంకో ప్లేటు ఉంటుంది. అవే కణాలు, అదే ద్రవం, అలాంటి పెట్టే, అలాంటి బూరే. తరంగం మాత్రం రాదు. లోకమంతా దాన్ని షామ్ ప్లేటు అంటుంది. మాస్టారు జత అంటారు. తరంగం తగిలే ప్లేటును ఎంత మర్యాదగా మోసుకెళ్తామో, ఏమీ తగలనిదాన్నీ అంతే మర్యాదగా మోసుకెళ్ళాలి. దానికి తలుపు దగ్గర కుదుపు తగిలితే దీనికీ తగలాలి.

ఒకసారి నేను అసలు ప్లేటు పట్టుకుని తుమ్మాను.

"మూత పెట్టే ఉందిగా?" అన్నారు మాస్టారు.

"పెట్టే ఉందండీ."

"సరే, రెండోదాని దగ్గర కూడా ఒకసారి తుమ్ము."

"ఇప్పుడు రావడం లేదండీ."

"వచ్చేదాకా ఆగుదాం."

ఆయన నిజంగానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చివరికి అక్క కాగితం ముక్క చుట్టి ఇస్తే ముక్కులో పెట్టుకుని తుమ్మాల్సి వచ్చింది. ఆ తుమ్ము మొదటిదానంత బలంగా లేదని ఆయనకు ఆ సాయంత్రమంతా అసంతృప్తి.

అక్క అంటే నాకు సొంత అక్క కాదు. మా ల్యాబులో డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్న అమ్మాయి. పెద్ద చదువు, చిన్న కోపం. నన్ను "తమ్ముడూ" అని పిలిచి పని చెప్పేది, "ఒరేయ్" అని పిలిచి తిట్టేది. రోజు మొత్తం మీద రెండోదే ఎక్కువ వినపడేది.

మాస్టారింట్లో అమ్మగారి పరిస్థితి ఇంకా అన్యాయం. మాట్లాడితే మొక్కలు బాగా పెరుగుతాయని ఆమెకు ఎవరో చెప్పారు. ఆమె మానాన ఆమె మాట్లాడుకుంటే గొడవే లేదు. మాస్టారు ఒకే వయసున్న రెండు గులాబీ మొక్కలు తెచ్చి కిటికీ దగ్గర పెట్టారు. రోజూ పొద్దున ఒకదాని ముందు నిలబడి పేపరు చదివి వినిపిస్తారు. తర్వాత రెండోదాని ముందు అంతసేపూ నోరు మూసుకుని నిలబడతారు. అది కూడా అదే పేపరు పట్టుకుని, అవే పేజీలు తిప్పుతూ.

"చూశావా బాబూ" అందావిడ, నేనొకసారి ఏవో సామాన్లు ఇవ్వడానికి వెళ్తే. "ఆ మూగమొక్క దగ్గర నిలబడ్డంతసేపు కూడా ఈయన నా దగ్గర నిలబడరు."

"నీ దగ్గర నిలబడితే నోరు మూసుకోవడం కుదరదే" అన్నారు మాస్టారు లోపల్నుంచి.

"పెళ్ళప్పుడు మాత్రం జత అడగలేదు నాయనా. ఆ ఒక్కటే నా అదృష్టం."

"అప్పటికి నాకింత తెలివి రాలేదు" అని లోపల్నుంచే జవాబు.

ఏ మొక్క బాగా పెరిగిందని అడిగాను. రెండింటికీ పురుగు పట్టిందట. "సమానంగా పట్టింది" అన్నారు మాస్టారు, అదేదో ఊరట అయినట్టు.

నా సంగతి చెప్పాలి. నేను చదివింది చాలా ఉంది, చదివినట్టు కాగితం లేదు. కాలేజీ మధ్యలో ఆగిపోయింది. పాత పుస్తకాల దుకాణంలో దొరికినవన్నీ, అట్టలు పోయినవీ, ముందు పేజీలు పోయినవీ తెచ్చుకుని చదివాను. అందుకే చాలా విషయాలు నాకు మధ్య నుంచి తెలుసు. డిగ్రీ ఉన్నవాడు "నాకు తెలియదు" అంటే వినయం అంటారు. అదే మాట నేనంటే "వాడికేం తెలుసు" అంటారు. ఇలాంటి కడుపుమంటతో మా ల్యాబులో గాజుసామాను కడిగే పనికి చేరాను, తాత్కాలికంగా.

చేరిన మొదటి రోజే మాస్టారు నన్ను కిందికీ మీదికీ చూసి, అక్క వైపు తిరిగి, "అమ్మయ్య, నీకు జత దొరికాడమ్మా" అన్నారు.

ఆమె ముఖం మాడిపోయింది. నాది అప్పటికే మాడి ఉంది.

ఆ వారంలోనే కుర్చీ గొడవ వచ్చింది. అక్కకు చక్రాల కుర్చీ, నాకు స్టూలు. మా పరిపాలనాధికారి అలా రాసిచ్చారు. ఆయన్ని అందరం కత్తెర గారనే వాళ్ళం, ఏ కాగితం దగ్గరికెళ్ళినా అందులో ఏదో ఒకటి కత్తిరించనిదే వదలరు కాబట్టి.

"వీడికీ చక్రాల కుర్చీ కావాలి" అన్నారు మాస్టారు.

"గాజుసామాను నిలబడి కడుగుతారు కదండీ?" అన్నారు కత్తెర గారు.

"కడిగాక కణాలు కూడా చూస్తాడు. నేనొక పోలిక పెట్టుకున్నాను. ఒకే పని చదువున్న చేయి చేస్తే ఎలా వస్తుంది, చదువులేని చేయి చేస్తే ఎలా వస్తుంది అని. మిగతావన్నీ సమానంగా ఉండాలా వద్దా? రేపు వీడి ప్లేట్లో కణాలు చచ్చాయనుకోండి, అది స్టూలు వల్లనో, చదువులేకపోవడం వల్లనో ఎలా చెబుతారు మీరు?"

కత్తెర గారు పెన్ను తీసి సంతకం పెట్టారు. నాకు కుర్చీ వచ్చింది. దాంతోపాటు నేనెవరో కూడా అర్థమైంది. నేను షామ్ ప్లేటును. అక్కకు చదువనే స్విచ్చి వేశారు, నాకు వేయలేదు. ఏమీ తగలనివాడు ఎలా పాడవుతాడో చూడ్డానికి నన్ను పక్కన పెట్టుకున్నారు.

"అదేం అంత పెద్ద మాటరా?" అంది అక్క.

"నీకేం అక్కా, బూర నీ వైపు ఉంది."

"నోర్మూసుకుని ఆ ప్లేట్లు తియ్యి తమ్ముడూ."

అప్పట్నుంచి అన్నీ జతలే. అక్కకు లైబ్రరీ కార్డు ఇస్తే నాకూ ఇచ్చారు. అక్క బల్ల మీద దీపం వస్తే నా బల్ల మీదా వచ్చింది. బూరలు తయారుచేసే కంపెనీవాళ్ళు వేరే ఊళ్ళో కొలతలు నేర్పుతామంటే, అక్కతో పాటు నన్నూ పంపాలన్నారు మాస్టారు.

"ఒక్కరు చాలరా?" అని కత్తెర గారు గొంతు చించుకున్నారు.

"ఒక్కరికే నేర్పితే ఇద్దరికీ రెండు తేడాలు అవుతాయి కదండీ. ఒకటి డిగ్రీ, రెండోది ఈ ట్రైనింగు. ఆ తర్వాత ఏది వచ్చినా దేని మీదికి తోస్తాం?"

"దేని మీదికీ తోయకండి సార్!"

"అలా ఎలా కుదురుతుంది? ఇది సైన్సు."

వెళ్ళాను. నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నంతసేపూ ఉడికిపోతూనే ఉన్నాను. తిరిగొచ్చాక నా ప్లేట్లకు బూజు పట్టింది. అక్క ప్లేట్లకు పట్టలేదు. మాస్టారు ఆ బూజును చాలాసేపు చూసి, ఏమీ అనకుండా, కొత్త ప్లేట్లు ఇచ్చారు. పోలిక పెట్టినవాడు ఒక ముక్క రాసుకోవాలి కదా అని అప్పుడు నాకు తోచలేదు.

ప్రాజెక్టు ఆఖరి సంవత్సరంలో అసలు సంగతి జరిగింది. తరంగం తగిలిన ప్లేట్లలో కణాలు నెమ్మదిగా పెరుగుతున్నాయి. జత ప్లేట్లలో మామూలుగానే ఉన్నాయి. మళ్ళీ చేశాం, మళ్ళీ అదే వచ్చింది. ఏ ప్లేటు ఏదో తెలియకుండా గుర్తులు మూసేసి లెక్కపెట్టాం. గుర్తులు తెరిచి చూస్తే అదే తేడా. అక్క నా వీపు మీద ఒక్కటి చరిచి ఏడ్చినంత పని చేసింది. డైరెక్టరు గారు మా గదికి వచ్చి, ఎప్పుడూ లేనిది, నా చెయ్యి కూడా పట్టుకుని ఊపారు.

ఎందుకంత సంతోషమంటే, ఆ ఫలితం నిలబడితే ప్రాజెక్టు పొడిగిస్తారు. పొడిగిస్తే నా ఉద్యోగం ఉంటుంది. ఆ విషయంలో కత్తెర గారు నాకు ఏ అనుమానమూ మిగల్చలేదు. "ప్రాజెక్టు ఆగిపోతే ఆ అమ్మాయికి థీసిస్ ఉంది, రాసుకుంటుంది. నీకేముంది నాయనా? గేటు ఉంది." నా బతుకంతా ఆ కణాల ఎదుగుదల మీద ఆధారపడింది. సరిగ్గా చెప్పాలంటే, అవి ఎదక్కపోవడం మీద. ప్లేట్లలోకి చూస్తూ "పెరక్కండి, మీకు పుణ్యం ఉంటుంది" అని లోపల్లోపల బతిమాలేవాణ్ణి.

అందరూ ఎగురుతుంటే మాస్టారు మాత్రం కింద కూర్చుని పెట్టెలోకి తొంగిచూస్తున్నారు.

"వేడెక్కుతోందేమో చూడాలమ్మా" అన్నారు. "ఈ తరంగాలు నీళ్ళలో బియ్యపుగింజ మందం కూడా లోపలికి పోవు. ఆ కాస్తలోనే మొత్తం ఆగిపోతాయి. అక్కడ వేడి పుడితే, మనం చూస్తున్నది తరంగం పని కాదు, పొయ్యి పని."

లోహపు తీగతో వేడి కొలిస్తే ఆ తీగే తరంగానికి వేడెక్కుతుంది. అందుకని వెంట్రుకంత సన్నటి గాజుతీగ తెప్పించారు. ప్లేటు మధ్యలో కొలిచారు, అంచున కొలిచారు, ద్రవం గోడను పట్టుకుని పైకి పాకే చోట కూడా కొలిచారు. రెండు ప్లేట్లూ ఒకే వేడి చూపించాయి.

"ఇంక నమ్మండి మాస్టారూ" అంది అక్క.

"నమ్మాలనే ఉందమ్మా."

"మరి?"

"జతకి జత లేదు."

కత్తెర గారు కూడా ఆ రోజు అక్కడే ఉన్నారు, ఏదో పాత స్టూలు లెక్క కోసం.

"చూడు" అన్నారు మాస్టారు. "జత పెట్టెకు మనం స్విచ్చి వేయం. స్విచ్చి వేయకపోతే తరంగం రాదు, నిజమే. కానీ ఆగేది అదొక్కటేనా? ఇటు పక్క తరంగాన్ని పెద్దది చేసే యంత్రం నడుస్తోంది. అటు పక్క నడవడం లేదు. కాబట్టి మూడో పెట్టె కావాలి. అందులో యంత్రం నడవాలి, తరంగం పుట్టాలి, కానీ కణాల దాకా రాకుండా దారిలోనే దాన్ని మింగేసే దిమ్మలోకి పోవాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇవాళ జతకి జత అంటారు, రేపు దానికీ ఒక జత అంటారు. ఇది ఎక్కడ ఆగుతుంది మాస్టారూ?"

"ప్రాజెక్టు దగ్గర ఆగుతుంది" అన్నారు కత్తెర గారు.

మాస్టారు నవ్వలేదు. "అంతే అయితే అంతే" అన్నారు.

మూడో పెట్టె కట్టాం. ప్లేట్లు పెట్టాం. ఆగాం. గుర్తులు మూసేసి అక్క లెక్కపెట్టింది, నేను లెక్కపెట్టాను. గుర్తులు తెరిచాం. తరంగం తగిలిన ప్లేట్లు నెమ్మదిగా పెరిగాయి. తరంగం తగలని, యంత్రం మాత్రం నడిచిన ప్లేట్లు కూడా సరిగ్గా అంతే నెమ్మదిగా పెరిగాయి.

దొంగ ఎవరో కనిపెట్టడానికి మాస్టారికి మధ్యాహ్నం భోజనం వేళ దాకా పట్టింది. ఆ యంత్రానికి వెనక ఒక ఫ్యాను ఉంది. అది వేడి గాలిని పెట్టె చిల్లుల మీదికి కొడుతోంది. ఆ గాలికి ప్లేట్లో ద్రవం మూత సందుల్లోంచి కొంచెం కొంచెంగా ఆరిపోతోంది. ఆరుతున్న ద్రవం చల్లబడుతుంది, గాలి దాన్ని వేడి చేస్తుంది. రెండూ సరిపోయి గాజుతీగకు ఏ తేడా కనిపించలేదు. ద్రవం మాత్రం చిక్కబడింది, అందులో ఉప్పు పెరిగింది. కణాలకు అది నచ్చలేదు. అంతే. తరంగం పాపం ఏమీ ఎరగదు. మేమంతా కలిసి ఇన్నాళ్ళూ కనిపెట్టింది, ఫ్యాను గాలికి తడి ఆరుతుందని.

అక్క లేచి ఫ్యాను ఆపింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

"ఒక్కసారి" అంది. "ఈ ఒక్కసారి చూడకుండా వదిలేస్తే ఏం పోయేది మాస్టారూ?"

"నేను వదిలేస్తే ఇంకెక్కడో ఇంకెవరో ఈ ఫ్యాను ఆపేవాళ్ళమ్మా. అప్పటికి నీ పేరు అచ్చులో ఉండేది."

ఆయన గాజుతీగను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. తుడవాల్సినంత మురికి దానికి లేదు.

"ఎప్పటికైనా ఒక్కటి నిజంగా కనిపిస్తుందేమోనని చూస్తూ వచ్చాను. ఈసారి చాలా ఆశపడ్డాను తల్లీ. నిజమైతే ఎంత బాగుండేది!"

ఆ మాటను నేను ఎన్నోసార్లు తలుచుకున్నాను. ఆయన పేరు మీద కనిపెట్టినదంటూ ఏదీ లేదు. ఎవరెవరో కనిపెట్టినవి లేవని కనిపెట్టారు, అంతే. ఒకసారి ఎక్కడో ల్యాబులో కణాలు తరంగానికి గెంతుతున్నాయంటే, ఆయన వెళ్ళి బల్ల కింద నడుస్తున్న పంపును చూపించి వచ్చారట. అలాంటి మనిషిని సభలకు పిలవరు. శాలువాలు కప్పరు. ఆయన వెళ్ళిపోయిన రోజున జనం ఊపిరి పీల్చుకుంటారు. మా సంస్థలోనూ అదే జరిగింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ మనసు పాడవుతుంది.

ప్రాజెక్టు పోయింది. డైరెక్టరు గారు మమ్మల్ని తన గదికి పిలిచారు. కత్తెర గారు కాగితాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"అమ్మాయి థీసిస్ రాసుకుంటుంది. మాస్టారు ఎలాగూ నెలాఖరుకు రిటైరవుతున్నారు. పైఅంతస్తు ల్యాబువాళ్ళకు ఈ బూరలు నడపడం వచ్చినవాళ్ళు ఒకరు కావాలట, పర్మినెంటుగా. దానికి డిగ్రీ ఉండాలి. కాబట్టి ఈ అబ్బాయిని నెలాఖరుకు..." అని కత్తెర గారు, అలవాటుగా, మాటను కూడా మధ్యలోనే కత్తిరించారు.

నేను కిటికీ లోంచి గేటు వైపు చూశాను. చక్కగా రంగు వేసి ఉంది.

"డిగ్రీ నియమం సడలించే అధికారం డైరెక్టరు గారికి ఉంది కదా?" అన్నారు మాస్టారు.

"ఉందండీ. ఊరికే సడలిస్తే రేపు నన్ను అడుగుతారు" అన్నారు డైరెక్టరు గారు. "ఏదైనా ఆధారం ఉండాలి."

"ఆధారం ఉంది."

అందరం ఆయన వైపు చూశాం.

"వీడు వచ్చిన రోజు నుంచీ పోలిక పెట్టుకున్నాను కదండీ, కత్తెర... క్షమించండి, అధికారి గారికి తెలుసు. చదువున్న చేయి, చదువులేని చేయి. కుర్చీ దగ్గర్నుంచి ట్రైనింగు దాకా మిగతావన్నీ సమానం."

"అవునవును" అన్నారు కత్తెర గారు బాధగా. "సంతకాలన్నీ నావే."

"ఏం తేలింది?" అన్నారు డైరెక్టరు గారు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. చెవులు కొంచెం ఎర్రబడ్డాయి. ఎండ వల్లనేమో అనుకున్నాను.

"తేడా లేదు" అన్నారు.

"సార్, ఆ వివరాలేవో ఒకసారి మనం..." అని కత్తెర గారు మొదలుపెట్టారు.

"ఎందుకయ్యా?" అన్నారు డైరెక్టరు గారు. "ఈయన ఇన్నేళ్ళలో ఎవరికైనా అనుకూలంగా ఒక్క మాట చెప్పారా? నా పరిశోధనను కూడా వదల్లేదు. ఒళ్ళో వచ్చి పడ్డ ఫలితాన్ని నిన్నగాక మొన్న చేతులారా చంపుకున్నారు. అలాంటి మనిషి తేల్చి చెప్పాక మళ్ళీ పరీక్షా? ఇలా ఇవ్వు" అని కాగితం లాక్కుని సంతకం పెట్టారు.

అలా నేను పైఅంతస్తుకు వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. కాగితాలు లేనివాడికీ ఉన్నవాళ్ళకూ తేడా లేదని సైన్సే ఒప్పుకుంది. ఎదురుపడ్డ ప్రతి డిగ్రీని జాలిగా చూశాను.

"చూశావా అక్కా? తేల్చేశారు."

"ఒరేయ్, ఇంకొక్కసారి ఆ మాటన్నావంటే ప్లేటు తీసి నెత్తిన బోర్లిస్తాను."

ల్యాబు ఖాళీ చేసిన రోజున ముగ్గురమే ఉన్నాం. పెట్టెల బోల్టులు నేను విప్పుతున్నాను. మాస్టారు కేబుళ్ళు చుడుతున్నారు. గోడ మీద బల్లలు ఉన్నచోట తెల్లటి మచ్చలు మిగిలాయి. మాట్లాడితే గది గొంతు పెద్దదై తిరిగి వినిపిస్తోంది.

అక్క థీసిస్ పని మీద ఉంది. ఆమెకు ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చింది.

"మాస్టారూ, మా ఇద్దరి పోలిక లెక్కలు ఇస్తారా? థీసిస్ చివర ఒక పేజీ పెడతాను."

"ఏ లెక్కలమ్మా?"

"అదే, చదువున్న చేయి, చదువులేని చేయి."

"ఆ... ఉంటాయి ఎక్కడో" అని ఆయన చుట్టేసిన కేబుల్నే విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టారు.

"వీడి ప్లేట్లకు బూజు పట్టింది కదా. అవి లెక్కలో వేశారా, తీసేశారా?"

"బూజు... బూజు ఎవరికైనా పడుతుందమ్మా."

"నాకు పట్టలేదు."

"నీకు పట్టకపోవడం నీ తప్పు కాదు."

అక్క పెన్ను కింద పెట్టింది. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. "మాస్టారూ, ఇటు చూడండి. ఆ ప్రయోగం అసలు చేశారా?"

ఆయన చూడలేదు. కేబుల్తో చెప్పినట్టు చెప్పారు. "మొదలుపెట్టడం కుదరలేదమ్మా."

"మరి కుర్చీ? దీపం? వీణ్ణి నాతో పాటు ట్రైనింగుకు తోలారే, అదేంటి?"

"అవన్నీ ఏర్పాట్లు."

"ఇన్నేళ్ళూ ఏర్పాట్లేనా?"

"ఏ ప్రయోగానికైనా ఏర్పాట్లే ముఖ్యం కదమ్మా. ఊరికే అడిగితే వీడికి ఆ స్టూలు తప్ప ఏమీ ఇచ్చేవాడు కాదు ఆ మహానుభావుడు. వీడేమో దాని మీదే వంగి కూర్చుని పుస్తకాలు చదువుకునేవాడు. నడుం నొప్పెడుతుంది కదా?"

నా చేతిలో బోల్టు కింద పడి, దొర్లి, ఖాళీ గది అవతలి గోడ దాకా వెళ్ళింది. ఎవరూ దాన్ని తీయలేదు.

"అయితే డైరెక్టరు గారి ముందు మీరు తేడా లేదన్నది?" అంది అక్క, ఒక్కో మాట ఆగి ఆగి. "కొలవకుండానే అన్నారా? మీరు? మాస్టారూ?"

జత మాస్టారు తలుపు వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూసి, చేతిలో కేబుల్ చుట్టను గుండెకు ఆనించుకుని, గొంతు బాగా తగ్గించారు.

"మెల్లగా తల్లీ, మెల్లగా. ఈ నెలాఖరు దాకా పరువుగా బతకనివ్వు."